కొండ దిగిన తరువాత

మొన్న అలమర సర్దుతూండగా పాత నింటెండో డీఎస్ కనబడింది. ఛార్జరు తగిలించి మూత తెరిస్తే, లోపల ఇంకా ‘ఫైనల్ ఫాంటసీ 4’ ఉంది.

ఈ ఆట నాకు మొదట వేరే పేరుతో పరిచయం. అమెరికాలో చదువుకునే రోజుల్లో, మా గదిలోని ఒక మిత్రుడు పాత సూపర్ నింటెండో కొనుక్కొచ్చాడు. 1991లో జపానులో నాలుగవదిగా వచ్చిన ఆటే అమెరికాలో ‘ఫైనల్ ఫాంటసీ 2’ అయింది. నడుమ రెండూ అక్కడికి రాలేదు మరి. మతం వాసన తగలకూడదని ‘హోలీ’ అనే మంత్రాన్ని ‘వైట్’గా మార్చేశారు కూడా. అయినా, బొటనవేలంత లేని బొమ్మ తల వంచితే చాలు, మిగిలిన దుఃఖమంతా మేమే ఊహించుకునేవాళ్ళం.

డీఎస్ కోసం దానిని తిరిగి నిర్మించి 2007 డిసెంబరులో జపానులోను, 2008 జూలైలో అమెరికాలోను విడుదల చేశారు. తొలి ఆటలో పనిచేసిన తకాషి తొకితాయే దీనికీ దర్శకుడు. బొమ్మలకు ముమ్మితి రూపం, గొంతులు, కింది తెరమీద పటం వచ్చాయి. గొంతులు నాకు అంతగా నచ్చలేదు. మా ఊహకు ఏమీ మిగల్చలేదనిపించింది. నచ్చినది మరొకటి. కథలో మధ్యలో విడిపోయే సహచరులు తమ విద్యను మనకు వదిలి వెళతారు. వాళ్ళు ఉన్నప్పుడు మనమెంత ఇస్తే, వెళ్ళేటప్పుడు అంత ఎక్కువ దక్కుతుంది. ఎవరు వెళ్ళిపోతారో ముందే తెలిసినవాడికే ఆ లెక్క అందుతుంది.

2009 తొలినాళ్ళలో నాన్నగారు గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రి తోడు నాది. నర్సు రాగానే మూత మూస్తే ఆట నిద్రపోయేది, తెరిస్తే అక్కడి నుంచే మేలుకొనేది. నిద్రపట్టని నాన్నగారు ఒక రాత్రి పక్కకు ఒత్తిగిలి చూస్తున్నారు. రాజాజ్ఞను మోసి తెలియక ఒక ఊరిని తగలబెట్టిన నల్లయోధుడు సిసిల్, కొండమీద అద్దంలోంచి వచ్చిన తన పాత రూపంతోనే తలపడే ఘట్టమది.

“కొట్టవేంరా?”

“కొట్టకూడదు నాన్నా. ఆ నల్లవాడూ ఇతనే.”

“మరి ఎంతసేపు?”

“వాడు ఆగేదాకా కాచుకోవాలి.”

ఆయన మరేమీ అడగలేదు. తెర వంకే చూస్తూండిపోయారు. సిసిల్ వెలుగుయోధుడయ్యాక కొండ దిగి, సేవ్ చేసి, మూత మూశాను. ఆ వారమే నాన్నగారు పోయారు. ఆట మళ్ళీ ముట్టలేదు.

మొన్న తెరిస్తే సిసిల్ కొండ దిగువనే ఉన్నాడు. పాలోం, పోరోం అనే కవలలు కూడా వెంట ఉన్నారు. కాస్త ముందుకు వెళితే బారన్ కోటలో, కదిలివచ్చే గోడలను ఆపడానికి ఆ పిల్లలిద్దరూ తమను తామే శిలలుగా మార్చుకుంటారు.

పచ్చిక మీద అటూ ఇటూ కాసేపు నడిపించాను. ఊరి వైపు మాత్రం తిప్పలేదు.