బిడారు ఆగే కాలం

కదిలే దానిని ఇల్లనాలా, బండి అనాలా అన్న సందేహం తెలుగువారికి పెద్దగా కలిగినట్టు లేదు. ‘గూడుబండి’ అన్న ఒక్క మాటలో రెండింటినీ కలిపేశారు. వెదురుబద్దలను విల్లులా వంచి, పైన చాప కప్పి, మనుషులకు ఎండావానా సోకకుండా కట్టుకున్న ఎద్దుల బండి గూడుబండి. అటువంటి బండ్లూ, సరుకు మోసే పశువులూ, వాటి వెంట నడిచే కుటుంబాలూ ఒక బారుగా సాగితే అది బిడారు. అమెరికాలో రిక్రియేషనల్ వెహికల్ అని, పొట్టిగా ఆర్వీ అని పిలిచే వాహనం ఈ గూడుబండికి దూరపు చుట్టమే. పడక, వంటిల్లు, స్నానపు గది, నీటి ట్యాంకు, గ్యాస్ బండ అన్నీ చక్రాల మీద ఒకే పెట్టెలో అమరివుండే ఈ బండిని చాలామంది సెలవుల విహారానికే వాడుకున్నా, ఉన్న ఇల్లు అమ్ముకుని, లేదా అద్దెలు భరించలేక, ఏడాది పొడవునా అందులోనే కాపురముండేవారూ ఉన్నారు. వేసవిలో వారి బతుకు బయటివారికి ముచ్చటగా కనిపిస్తుంది. చలికాలం వచ్చాక గాని దాని లోతు తెలియదు. ఎందుకంటే చలికాలం కదిలే ఇంటిని ముందుగా అడిగేది ‘ఎక్కడ ఆగుతావు?’ అని.

నెల్లూరు తీరానికి ఈ ప్రశ్న పాతదే, అయితే అక్కడ దానిని అడిగేది చలి కాదు, వాన. ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా ఆ తీరంలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి, తలకు తువ్వాలు చుట్టుకోవడంతో చలి సంగతి తీరిపోతుంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలకు తమ తడినంతా ధారపోసి ఇటు చేరేసరికి వట్టిచేతులతో మిగులుతాయి; అక్టోబరులో గాలి దిక్కు మార్చుకుని, బంగాళాఖాతం మీదుగా ఈశాన్యం నుంచి వీచడం మొదలైన తరువాతనే ఇక్కడ అసలు వానాకాలం వస్తుంది. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది, తుపానులూ అప్పుడే వస్తాయి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులను ఆ ప్రాంతపు పెద్దవారు ఇప్పటికీ కాలం లెక్కలకు గుర్తులుగా వాడుకుంటారు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసి, ఉత్తర దక్షిణాల మధ్య రాకపోకలను నిలిపివేసింది. పట్టాల మీద పోయే రైలుకే దారి లేని ఋతువులో గాడిదకూ పడవకూ గుడారానికీ ఏం దారి ఉంటుంది?

గాడిద ప్రస్తావన ఊరకే వచ్చింది కాదు. రైలు రాకముందు ఈ తీరపు ఉప్పు లోపలి సీమలకు చేరింది ఎక్కువగా పశువుల వీపుల మీదనే. సముద్రపు నీటిని చదునైన మళ్లలోకి పారించి, ఎండకు ఇగరనిచ్చి, అడుగున మిగిలిన ఉప్పును గీకి కుప్పపోసే ఉప్పుమళ్లు ఇసకపల్లి వంటి ఊళ్లలో ఉండేవి. ఆ ఉప్పును ఎరుకల కుటుంబాలు పెరికెల్లో, అంటే పశువు వీపుకు రెండువైపులా వేలాడే జోడు సంచుల్లో నింపి, పడమటి మెట్ట ఊళ్లకు తోలుకుపోయి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవి. వారి ఇల్లు కూడా సరుకుతో పాటే గాడిదనెక్కేది. నాలుగు వంపు కర్రలు, రెండు మూడు ఆకుచాపలు ఉంటే చాలు, మనిషి వంగి దూరగలిగినంత గుడిసె గడియలో లేచేది, గడియలో చుట్టుకుపోయేది. అయితే ఉప్పు వ్యాపారానికి వానంటే సరిపడదు. తడిసిన ఉప్పు ముందు బరువెక్కుతుంది, తరువాత కరుగుతుంది, చివరికి పెరికెలో తడి తప్ప ఏమీ మిగలదు. పైగా జిగురునేలలో మోకాలిదాకా దిగబడే పశువును నడిపించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ముసురు పట్టే ముందే బిడారు ఏదో ఒక ఊరి పొలిమేరలో ఆగేది; మగవారు తట్టలూ బుట్టలూ అల్లేవారు, ఆడవారు ఎరుక చెప్పడానికి ఊళ్లోకి వెళ్లేవారు. వాన వెలిసేదాకా ఆ ఊరే వారికి ఇల్లు. ఊరివారు వారిని పూర్తిగా నమ్మారని అనలేము గాని, ఏటా వచ్చే ముఖాలే కాబట్టి గుర్తుపట్టేవారు.

ఈ ఏర్పాటు వానలవల్ల చెడలేదు. 19వ శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వపు గుత్త, పన్ను బిగుసుకోవడం, ఆ తరువాత రైలు పెట్టెలు ఉప్పును చవకగా మోయడం మొదలుపెట్టడంతో పెరికెలకు పని పోయింది. పని పోయినా నడక మానని కుటుంబాలు పాలకుల కళ్లకు అనుమానాస్పదంగా కనిపించాయి. 1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ జాతుల చట్టం, అనగా పుట్టుకను బట్టే ఒక సమూహం మొత్తాన్ని నేరగాళ్లుగా నమోదు చేసే చట్టం, 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించింది; ఆ దశాబ్దంలోనే కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతి కింద ఎరుకల కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. సెటిల్‌మెంటు అంటే హాజరు పట్టీ ఉన్న ఊరు: పిలిచినప్పుడు పలకాలి, అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. వాన ఆపిన బిడారు సంక్రాంతికల్లా తిరిగి కదిలేది, చట్టం ఆపింది మాత్రం ఆ చట్టం రద్దయ్యేదాకా స్వేచ్ఛగా కదలలేకపోయింది. సంచారం తమంతట తాము ఎంచుకున్నవారికి ‘జీవనశైలి’ అని పేరు పెట్టి, తాతల నాటి నుంచి అదే బతుకుగా ఉన్నవారికి ‘నేరం’ అని పేరు పెట్టిన లోకం తీరు ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

నేల మీద దారి మూసుకుపోయే కాలంలో నీటి మీద దారి తెరుచుకోవాలి కదా అనిపించవచ్చు. నెల్లూరు తీరం పొడవునా సముద్రానికి సమాంతరంగా సాగే బకింగ్‌హామ్ కాలువ ఆ ఆశతోనే పెరిగింది. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన చిన్న కాలువ మెల్లగా ఉత్తరానికి పాకింది. 1876–78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత మద్రాసు నగరంలోని ముక్కను తవ్వించి, అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యం నింపుకున్న పొడుగాటి చెక్క పడవలు ఈ కాలువ మీదుగా మద్రాసు చేరేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గడ, రెండూ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులు లాగే తాడు, ఇవీ ఆ పడవకు ఇంజన్లు. పడవను నడిపించే పెద్దను సరంగు అంటారు. అతనికీ కళాసీలకూ వారాల తరబడి పడవే ఇల్లు. నిప్పు చెక్కకు తగలకుండా కింద ఇసుక పరిచి, దాని మీద పొయ్యి పెట్టి అన్నం వండుకునేవారు, చాప కప్పు కింద పడుకునేవారు.

అయితే ఈ కాలువ నదులను తప్పించుకుని పోదు, అడ్డంగా దాటుతుంది. కాలువ నీటిమట్టమూ నది నీటిమట్టమూ ఒకటి కావు కాబట్టి, కలిసేచోట లాకులు కట్టారు; పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, నీటిని నింపో వదిలో అవతలి మట్టానికి చేర్చే ఏర్పాటు లాకు. పెన్నకో స్వర్ణముఖికో వరద వస్తే లాకు తలుపు తెరిచే ప్రశ్నే లేదు. వెనుక వచ్చిన పడవ ముందు ఆగిన పడవ పక్కన తాడు కట్టుకోవలసిందే. వరద తీసేదాకా, ఆ తరువాత అది తెచ్చి పోసిన ఇసుక మేట తొలగేదాకా, అక్కడొక తాత్కాలిక ఊరు. 1960ల నడుమ, మళ్లీ 1976లో వచ్చిన తుపానులు కాలువను దెబ్బతీశాక పడవలు పలచబడ్డాయి, లారీలు చిక్కబడ్డాయి. 2008లో దీనిని నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించినా, చాలాచోట్ల గుర్రపుడెక్క ఆకు తప్ప తేలేది కనిపించదు.

గడ్డకట్టే దేశాల ఆర్వీలో కథ వేరుగా మొదలై ఈ ఆగడం దగ్గరికే వస్తుంది. బండి అడుగున నేలకు దూరంగా వేలాడే నీటి గొట్టాలు ముందు గడ్డకట్టి పగులుతాయి కాబట్టి, వాటికి వేడినిచ్చే కరెంటు పట్టీలు చుడతారు. చక్రాల చుట్టూ నేలదాకా పాతచీర కుచ్చిళ్లలా దళసరి పట్టలు దించి చలిగాలి అడుగున దూరకుండా కడతారు. గ్యాస్ కూడా ఎంచుకోవలసిందే: భారతీయ వంటింటి బండలో ఎక్కువ పాళ్లలో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 దాకా పలుకుతుంది. అన్నీ కుదిరాక అసలు శత్రువు లోపలే బయటపడుతుంది. కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. దానికి ఉడికే అన్నపు ఆవిరి, నిద్రపోయేవారి ఊపిరి తోడై, చల్లని గోడలనూ కిటికీ అద్దాలనూ తాకి నీరై కారి, పరుపు అడుగున బూజు పడుతుంది. కిటికీ తెరిస్తే వేడి పోతుంది. మూస్తే తడితో పాటు, పొయ్యి సరిగా మండనప్పుడు వాసన లేకుండా ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడు కూడా నిలుస్తుంది. ఇంత తతంగం చేసి చక్రాల చుట్టూ పట్టలు దించిన బండిని మరి కదిలించేదెవరు? జనవరిలో దానిని బండి అనడం మర్యాదకే. ఇదంతా పడలేనివారు ముందుగానే దక్షిణానికి, అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ వంటి ఊళ్లకు చేరిపోతారు. అమెరికన్లు వారిని మంచుపక్షులంటారు. ఆ మాటకు అర్థం సూళ్లూరుపేట వారికి విడమరచి చెప్పనక్కరలేదు, అదే నెలల్లో పక్కనున్న పులికాట్ సరస్సులో రాజహంసలు దిగుతాయి.

ఇప్పటి నెల్లూరు తీరంలో ఇల్లు వెంట మోసుకుని తిరిగేవారిలో బాతులు మేపే కుటుంబాలున్నాయి. కోత అయిన కయ్యలో, అంటే వరిమడిలో, రాలిన గింజలూ నత్తలూ పురుగులూ బాతులకు మేత. కాబట్టి వరికోత ఎటు సాగితే మంద అటు సాగుతుంది, దూరమైతే లారీ ఎక్కుతుంది. కాని కార్తీక మార్గశిరాల్లో ఈ ప్రాంతపు కయ్యలన్నీ నారుతో, లేతపైరుతో పచ్చగా ఉంటాయి. బాతు దిగితే రైతు ఊరుకోడు. కోతలు మొదలయ్యే మాఘ ఫాల్గుణాల దాకా చెరువు అంచో, సాగులోకి రాని పల్లపు నేలో, ఎవరినో ‘అయ్యా’ అని అడిగి సంపాదించిన బీడో చూసుకుని మంద ఆగాలి.

ఆగిన చోట వెదురుకర్రల మీద నీలిరంగు ప్లాస్టిక్ పట్ట లాగి కట్టిన గుడారం లేస్తుంది. దాని చుట్టూ జానెడు లోతు గాడి తీసి, తీసిన మట్టిని లోపలి అంచున గట్టుగా వేస్తారు, కురిసిన నీరు పక్కకు పోవడానికి. లోపల ముందు వరిగడ్డి దళసరిగా పరిచి, దాని మీద పట్ట వేస్తారు. నేల తడి పైకి రాకుండా, ఒంటి వేడి నేలకు పోకుండా ఆ గడ్డి కాపలా కాస్తుంది. పట్ట కప్పుకు మాత్రం ఆర్వీ కిటికీకి పట్టే చెమటే పడుతుంది. అందుకే ఎంత వానైనా గుడారం ఒక కొసను మూయకుండా వదిలేస్తారు. పక్కనే మోకాలెత్తు వలతో కట్టిన దొడ్డిలో బాతులుంటాయి. ముసురుకు సంతోషించేవి ఆ మొత్తం కాపురంలో అవే. గుడ్లు పెట్టేది చీకటితోనే కాబట్టి, తెల్లవారకముందే ఒకరు టార్చిలైటు పట్టుకుంటే మరొకరు బురదలో వంగి గుడ్లేరి, గుడ్డతో తుడిచి, ముప్పై గుంటల అట్టల్లో పేరుస్తారు. ఏరడం అయ్యాకే దొడ్డి వల పైకెత్తుతారు, లేకుంటే తొక్కిడికి గుడ్లు పగులుతాయి. గుడారంలో ఉన్నది ఒక్క నులకమంచం. నీరు వచ్చినా అందని చోటు అదొక్కటే కనుక గుడ్ల అట్టలు దాని మీద వరుసగా పేరుకుంటాయి, మనుషులు కింద గడ్డి మీద పడుకుంటారు.