చింతూరు దారిలో బొంగు చికెన్

భద్రాద్రి రాముడి దర్శనమయ్యాక చాలామంది కారు నేరుగా ఖమ్మం వైపు తిప్పేస్తారు. వీలుంటే చింతూరు మీదుగా మారేడుమిల్లి దారి పట్టండి. 2014లో చింతూరు మండలం ఆంధ్రాలో కలిసింది గానీ, అక్కడివాళ్లకు చాలా పనులకు ఇప్పటికీ భద్రాచలమే దగ్గర.

ఆ దారిలో రోడ్డు పక్క పాకల్లో బొంగు చికెన్ చేస్తారు. ఉప్పూకారం, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు పచ్చి వెదురు గొట్టంలో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులోని తేమకే ముక్క మగ్గుతుంది. కాస్త టైం పడుతుంది, తొందరపెట్టకండి. సిటీలో కొన్నిచోట్ల బాణలిలో వండేసి గొట్టంలో నింపి తెస్తున్నారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది నాకు. ఆ పచ్చివెదురు వాసన ముక్కకు ఎక్కడ పడుతుంది?

వండేవాళ్లలో కొండరెడ్లు, కోయలు ఎక్కువ. దయచేసి బేరమాడకండి.