సగం కుట్టిన చెప్పు

మా బాపు ఒక పనిని కూసున్నకాడ మొదలుపెట్టి కూసున్నకాడనే ఒడగొట్టింది నా చిన్నతనంల నేను చూడలేదు. బద్ధకం మనిషి కాదు. కోడి కూయకముందే లేచెటోడు. అయినా ఊళ్లె ఆయనకు ఒక పేరు పడ్డది. "ఈ మాదిగోనికి పని మీద ధ్యాస ఉండదు. చెప్పు ఇస్తే నెల దాక ఇయ్యడు" అనేటోళ్లు. ఆ మాట అన్నోళ్లే బాపును పని మీదికెల్లి లేపుకపోయేటోళ్లు. ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు ఎరుకయ్యేసరికి నేను పంతులునైన.

మాది నందిపేట్ మండలంల గోదారి దిక్కు ఊరు. శ్రీరాంసాగర్ నిండిన ఏడు నీళ్లు మా చెలకల అంచుదాక వస్తయి. మా తాత కాలంల మోటకు తొండాలు కుట్టెటోళ్లట. ఇంటెనుక లంద ఉండెనట, తంగేడు చెక్క నానేసి తోళ్లు ఊనెటోళ్లట. నాకు తెలివొచ్చేనాటికి బోర్లొచ్చినయి, మోట పోయింది, లంద పూడిపోయింది. బాపుకు మిగిలింది ఒక ఆరె, ఒక రంపె, ఒక గూటం, ఇంటిముందు యాపచెట్టు నీడ.

ఆ నీడల కూసోని చెప్పుకు వారు ఎక్కిస్తుండంగ పిలుపొచ్చేది. ఎవరింట్లనో బర్రె సచ్చింది, ఈడ్వాలె. ఎవరో పెద్దమనిషి పోయిండు, డప్పు కొట్టాలె. పటేలింట్ల పెండ్లి, కట్టెలు కొట్టాలె. పొద్దు లేదు, మాపు లేదు. బాపుకు ఒక పేరుంది, రేషన్ కార్డు మీద ఉంది. ఆ పేరుతోటి పిలిచినోడు లేడు. వాకిట్లకు కూడ రాకుండ, దూరంగ నిలబడి "ఓ మాదిగోడా" అనేటోళ్లు. "ఇగ రెండు కుట్లున్నయి, ఏసి వస్త" అని బాపు అన్నట్టు నాకు గుర్తులేదు. రెండు కుట్లు వేసే సేపు కూడ ఆయనది కాదు.

లేచేముందు మాత్రం ఒక పని చేసెటోడు. తర్వాతి కుట్టు ఎక్కడ పడాల్నో ఆ బెజ్జంల ఆరె గుచ్చి, తోలును అట్లనే పెట్టి లేచెటోడు. ఎందుకు బాపూ అని అడిగిన ఒకసారి. "చెయ్యి మరువకుండ" అన్నడు. అంతే. మళ్ల వచ్చి కూసునేది అదే రోజు కావచ్చు, నాలుగు రోజులకు కావచ్చు. అప్పటిదాక ఆ ఆరె అట్లనే నిలబడి ఉండేది. మా తమ్ముడు ముట్టబోతే నెత్తి మీద ఒకటి పడేది.

మా అవ్వ సంగతి వేరు. అవ్వ బీడీలు చేసేది. మా జిల్లాల ఏ ఊరి వాకిట్ల చూసినా ఒళ్లె చాట పెట్టుకోని తునికాకు చుట్టే ఆడోళ్లు కనిపిస్తరు. ఆకు నానేసి, కత్తెరతోటి కోసి, పొగాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలె. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. అవ్వను ఎవరన్న పిలిస్తే తల ఎత్తకుంటనే "ఆగు, కట్ట కట్టనియ్యి" అనేది. మధ్యల లేస్తే లెక్క తప్పుతది, మళ్ల మొదటికెల్లి లెక్కబెట్టాలె. కట్ట కట్టినంక లేస్తే మనసుల ఏమీ మిగలదు. పిలగాండ్లకు అన్నం పెట్టి, నీళ్లు తెచ్చి, వచ్చి కొత్త కట్ట షురూ చేసేది. బీడీల పనిని నేను పొగుడుత లేను. ఆ చాట మీద వంగి వంగి అవ్వ నడుము పోయింది. ఇప్పటికి రాత్రంత దగ్గుతది. కానీ ఇరవై అయిదు బీడీల దాక నన్ను లేపొద్దు అనే మాట అవ్వ నోట్ల ఉండె. బాపుకు లేకపాయె. ఒకటే ఇల్లు, ఒకటే కులం. ఒకరి పనికి గుత్త కూలి ఉంది. ఇంకొకరి పనికి కులం ఉంది.

నేను అయిదో తరగతిల ఉన్ననాడు బడి వెనుక కుక్క సచ్చింది. అప్పుడు బోర్డు మీద భాగహారం ఉంది. 8417ను 23 తోటి భాగించాలె. మూడు అంకెల భాగఫలంల రెండు అంకెలు దించిన. అంతట్ల సారు నన్ను, నా పక్క పోరన్ని లేపిండు. తరగతిల నలభై మంది ఉన్నం. మాదిగోళ్లం మేమిద్దరమే. కుక్క కాళ్లకు తాడు కట్టి ఈడ్చి, ఊరవతల పారేసి, వాగుల కాళ్లు చేతులు కడుక్కోని వచ్చేసరికి బోర్డు తుడిచిండ్రు. తెలుగు పాఠం నడుస్తున్నది. ఆ దినం తెలుగుల ఏం చెప్పిండ్రో నా చెవిల ఒక్క ముక్క పడలేదు. లోపల ఇరవై మూడో ఎక్కమే తిరుగుతున్నది. నిలబెట్టి ప్రశ్న అడిగితే నోరు రాలేదు. "ధ్యాస ఎక్కడ పెట్టినవ్‌రా" అని రెండు దెబ్బలు పడ్డయి. శేషం 22 వస్తది. ఇప్పుడైతే నిమిషంల చేస్త. కానీ ఆనాటి అంకెలు ఇంత కాలమైనా ఎందుకు మరువలేదు?

దానికి జవాబు డీఎడ్‌ల మనోవిజ్ఞానం చదివేటప్పుడు దొరికింది. బ్లూమా జైగార్నిక్ అని ఒక ఆమె బెర్లిన్‌ల కర్ట్ లెవిన్ దగ్గర చదువుకున్నది. మనుషులకు చిన్న చిన్న పనులిచ్చింది. పూసలు గుచ్చుడు, మట్టితోటి బొమ్మలు చేసుడు, పొడుపులు విప్పుడు. సగం పనులు పూర్తి చేయనిచ్చింది, సగం మధ్యల ఆపించింది. తర్వాత అడిగితే మధ్యల ఆపిన పనులే వాళ్లకు ఎక్కువ గుర్తున్నయట. 1927ల ఇది అచ్చయింది. మరుసటేడు అక్కడనే ఒవ్‌సియాంకినా అనే ఆమె ఇంకో సంగతి చూపింది. ఖాళీ దొరికితే మనిషి ఎవరూ చెప్పకున్నా సగంల విడిచిన పని దగ్గరికే పోతడు. తర్వాతోళ్లు మళ్ల మళ్ల చేసి చూస్తే గుర్తుండుడు అనేది అంత గట్టిగ నిలువలేదు గానీ, పని దగ్గరికి మళ్లుడు మాత్రం నిలిచింది. 2009ల సోఫీ లెరాయ్ అనే ఆమె, ఒక పని ఒడవకుండ ఇంకో పనికి పోతే మనసుల కొంత ముక్క పాత పని దగ్గరనే ఉండిపోతదనీ, కొత్త పని చెడుతదనీ రాసింది.

క్లాసుల అందరు పరీక్షకు వస్తదని అండర్‌లైన్ చేసుకున్నరు. నాకు మాత్రం కుక్క కాళ్లకు కట్టిన తాడు యాదికొచ్చింది. ఆ ప్రయోగంల పని ఆపేటోళ్లు, ఆపి కాగితం మీద లెక్క రాసుకున్నరు. పని ఆగినోళ్లు సాయంత్రం ఇంటికి పోయిండ్రు. మా ఊళ్లె ఈ ప్రయోగం తరతరాలు నడిచింది. రాసుకున్నోడు లేడు.

పుస్తకంల లేనిది ఇంకొకటి నాకు ఎరుకే. మాటిమాటికి లేపబడ్డ మనిషి పనిల పూర్తిగ మునగడు. ఒక చెవి వాకిట్ల పెట్టి కూసుంటడు. 2017ల టీఆర్టీ నోటిఫికేషన్ పడ్డప్పుడు నేను నిజామాబాద్‌ల రూం తీసుకోని చదివిన. నన్ను పిలిచెటోడు ఆడ ఎవడూ లేడు. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడైతే తల లేచేది. పక్కరూం పోరడు మూడు గంటలు కదలకుండ చదివెటోడు. వాళ్ల తాత కరణం. నేను ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి గడప దాక పోయి వచ్చెటోన్ని. నాకే తెలివి తక్కువ అనుకున్న చాన రోజులు. ఇసొంటి తేడాకే కొందరు మెరిట్ అని పేరు పెట్టుకున్నరు. 2019ల ఉద్యోగం వచ్చింది గానీ, ఆ చెవి ఇంకా వాకిట్లనే ఉంది.

బాబాసాహెబ్ కథ మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను పుట్టిన తారీఖుతోటి మొదలుపెట్టను. 1917తోటి మొదలుపెడత. లండన్‌ల చదువు సగంల ఉండంగ బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, మళ్లి రావలసి వచ్చింది. పుస్తకాలు వేరే ఓడల పంపితే జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచింది. బరోడాల కొలువు చేయబోతే చప్రాసీలు ఫైళ్లు దూరంకెల్లి విసిరిండ్రు. ఉన్న బసలకెల్లి కర్రలు పట్టుకోని వచ్చి వెళ్లగొట్టిండ్రు. కానీ లండన్ విడిచేముందు నాలుగేండ్లలోపు మళ్ల వచ్చి చదువుకోవచ్చని అనుమతి తీసుకున్నడు. బొంబాయిల సిడెన్‌హాం కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టి, సాహూ మహరాజ్ సాయంతోటి, దోస్తు దగ్గర అప్పుతోటి 1920ల తిరిగి పోయిండు. 1923ల డాక్టరేట్ తెచ్చిండు, రూపాయి మీద పుస్తకం రాసిండు. ఆ నాలుగేండ్ల అనుమతి కాగితం చూస్తే నాకు బాపు ఆరె కనపడుతది.

నా చెప్పు కథ చెప్పాలె. 1990ల చివర బాపు దండోరా మీటింగులకు పోవుడు మొదలుపెట్టిండు. ఒకనాడు పిలుపొస్తే "పైసలిస్తేనే కొడత" అన్నడు. ఊరి కమిటీ కట్టుబాటు పెట్టింది. కిరాణం బందు, కైకిలి బందు, ఎవరన్న మాట్లాడితే జుర్మానా. ఆ మూడు నెలలు బాపును ఎవరూ లేపలేదు. యాపచెట్టు కింద కూసోని ఏండ్లకెల్లి పడి ఉన్న చెప్పులన్నీ కుట్టి ఒడగొట్టిండు. వరుసగ గోడకు పెట్టిండు. అడిగెటోడు లేడు, కొనెటోడు లేడు. ఆయన పని మధ్యల ఆగని దినాలు నేను చూసినవి అవ్వే. అవ్వ బీడీల పైసలతోటి, నందిపేట్ అంగడికెల్లి తెచ్చిన నూకలతోటి బతికినం.

కుట్టేటందుకు ఏమీ లేక నాకని ఒక జత మొదలుపెట్టిండు. ఒకటి అయింది. రెండో దాని మీద ఉండంగ పెద్దమనుషులు రాజీ చేసిండ్రు, డప్పుకు ఇంత అని ఇస్తమన్నరు. అదే మాపటికి ఊళ్లె ఎవరో పోయిండ్రు. పిలుపొచ్చింది. బాపు ఆరె గుచ్చి లేచిండు. పోయిండు. ఎందుకు పోయినవ్ అని నేను ఇంతవరకు అడగలేదు. మళ్ల ఆ చెప్పును ముట్టలేదు, ఇంకో చెప్పు కుట్టలేదు.

ఆ యేడు చలికాలంకెల్లి బోధన్ దిక్కు చెరుకు కొట్టవోయిండు. ఏరాలు పట్టి ఆకు చెక్కి కట్టలు కట్టుడు, అరచేతులు పగిలి నెత్తురు కారేది. కానీ ఆ పని ఆయనకు నచ్చింది. కొట్టిన చెరుకు ఆగదు. ఎండల పడితే రసం తగ్గి తూకం పడిపోతది, ఎంత తొందరగ గానుగకు పోతే అంత మంచిది. అందుకని చెరుకు కొట్టెటోన్ని మధ్యల ఎవరూ లేపరు. "మడి అంచుకు పోయేదాక మనల్ని పిలిచెటోడు ఉండడు బిడ్డా" అనెటోడు, అదేదో పండుగ లెక్క. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరుల మూతపడ్డది. దానికి చాన ముందే బాపు మోకాళ్లు పోయినయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి. 2024 నవంబరుల ఇంటింటి కుల సర్వే పెట్టిండ్రు. ప్రాథమిక బడి సార్లం పొద్దున బడి, మధ్యాహ్నం ఇండ్ల చుట్టు తిరుగుడు. మా లెక్క తేలాలని కోరుకున్నోన్ని, సంతోషంగనే తిరిగిన. కానీ పాఠాలు సగం సగం ఉన్నయి. ఒకనాడు నాలుగో తరగతిల లెక్కలు చేపిస్తుండంగ చూసిపోనీకి ఎవరో వచ్చిండ్రు. నేను తల ఎత్తి, కంటికి ఆనిన పోరన్ని "పోయి కుర్చీలేసి, చాయ్ చెప్పిరాపో" అన్న. మా వాడ అసొంటి వాడకెల్లే వస్తడు ఆ పోరడు. నలుగురిల నా కన్ను వాని మీదనే ఎందుకు పడ్డది? మరునాడు నేను పరిసరాల పాఠం చెప్తుంటే వాడు పుస్తకం కింద నిన్నటి లెక్క చేస్తున్నడు. నోట్‌బుక్కు గుంజుకున్న. "ధ్యాస ఎక్కడ పెట్టినవ్‌రా?"

మాట నోట్లకెల్లి బయటపడ్డంక నాకు చెమటలు పట్టినయి. నోట్‌బుక్కు ఇచ్చి, ముందు లెక్క ఒడగొట్టుకొమ్మన్న. వాడు భయపడి నా దిక్కు చూసిండు, నేను పరాచకం ఆడుతున్ననని. పావుగంట పట్టింది వానికి. తరగతంత ఊకెనే కూసున్నది.

అప్పటికెల్లి పెన్సిల్ నడుస్తున్న పిల్లను గానీ పిలగాన్ని గానీ లేపుత లేను. కుర్చీలు నేనే ఏస్తున్న. బెల్లు కొట్టే ముందు రెండు నిమిషాలు ఆపి, తర్వాత ఏం చెయ్యాల్నో అంచుల ఒక ముక్క రాయమంట. ఒడవని పనికి ముందు ఏం చేస్తమో ఖాయం చేసుకుంటే అది మనసును తినుడు తగ్గుతదని 2011ల మసికాంపో, బౌమైస్టర్ అని ఇద్దరు ప్రయోగాలతోటి చూపిండ్రు. అది చదివి నేను నవ్విన. మా యాపచెట్టు కింద అది ఎప్పటికెల్లో ఉన్నది.

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి అటుక మీద బస్తాలు దించుతుంటే ఆ జత బయటపడ్డది. తోలు కట్టె లెక్క ఎండింది. రెండో చెప్పుల ఆరె అట్లనే ఉంది, తుప్పు పట్టి. గుంజితే రాలేదు. మంచంల ఉన్న బాపు చేతికిచ్చిన. కండ్లు సక్కగ ఆనయి ఆయనకు. శానసేపు తడిమిండు.

"నానబెట్టు" అన్నడు.

"ఎందుకు బాపూ, నా కాలు ఇప్పుడు దీంట్ల పడుతదా?"

ఆయన నా మాట ఇనలేదు. బొటనవేలితోటి అంచు ఎంబడి మెల్లగ లెక్కబెడుతున్నడు.

"పదకొండు కుట్లున్నయి" అన్నడు.