లినక్స్ మీద మా పని

అశోక్‌నగర్ గదుల్లో ఎక్కువమంది గ్రూప్స్‌కు చదువుతారు, పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటారు. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన మేం ముగ్గురం మాత్రం వెబ్‌సైట్లు తయారుచేస్తాం. మావి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, 4 జీబీ ర్యామ్. వాటి మీద విండోస్ తెరుచుకునేసరికి చాయ్ చల్లారేది. డెబియన్ లినక్స్ వేసుకున్నాం.

"దీన్ని ఎవరు వాడతారు?" అని నారాయణగూడలో కోచింగ్‌కు వెళ్లినచోట నవ్వారు. వెబ్ సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేదే లినక్స్ మీద! ఫైలు పేరులో పెద్ద ఏ, చిన్న ఏ తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. సర్వర్‌లో బయటపడాల్సిన తప్పు మా గదిలోనే బయటపడుతుంది. ఫొటోషాప్ రాదు, నిజమే. గింప్‌తో సర్దుకుంటున్నాం.

ఇప్పుడు చేస్తున్నది గోండి పదకోశం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. పైథాన్, జాంగో, పోస్ట్‌గ్రెస్‌లకూ పైసా కట్టనక్కర్లేదు. అయితే ఆ ఫాంట్ లేని ఫోన్లలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఊళ్లో వాళ్లకు డబ్బాలు చూపించి ఏం లాభం? అందుకే ఫాంట్‌ను పేజీతోపాటే పంపుతున్నాం.

మాటలు చెప్పేది మా అవ్వలు, తాతలు. వాళ్లున్నప్పుడే రాసుకోవాలని తొందర. సెలవుల్లో వెళ్లి ఫోన్‌లో రికార్డు చేసుకొస్తాం, ఇక్కడ రాత్రిళ్లు ఎక్కిస్తాం. ఇప్పటికి ఎక్కినవాటిలో విత్తనాల పేర్లే ఎక్కువ. ఆ సంగతి మొదలుపెడితే మా అవ్వ ఆగదు.