ఇల్లుబండిలో ఎలుకలు

మా నాన్న ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న సింక్ పెట్టించాడు. మనం క్యాంపర్ వ్యాన్ అంటాం. మా నానమ్మ ‘ఇల్లుబండి’ అంటది. వీకెండ్ వస్తే సాఫ్ట్‌వేర్ వాళ్లు కిరాయికి తీసుకుని అనంతగిరి వెళ్తారు. ఎండాకాలం ఎవరూ అడగరు కాబట్టి రెండు నెలలు కొండకల్‌లో మా పొలం పక్కన రేకుల షెడ్డులో పెట్టేశాం. 2023లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఊరు మారిందంటారు గానీ, మా షెడ్డు చుట్టూ ఇంకా వరి మడులే.

జూన్ చివర్లో తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పరుపులో స్పాంజి పీకి గూడు కట్టాయి. నీళ్ల మోటారు వైరు రాగి కనిపించేలా కొరికేశాయి. ఎలుక వినాయకుడికి వాహనం అని విన్నాం, మా వాహనమే ఎలుకకి వాహనమైంది. యాసంగి కోతలయ్యాక చేలల్లో తిండి దొరక్క అవి ఇళ్ల వైపు వస్తాయని నానమ్మ చెప్పింది. పెంటికలు చూసి “ఇవి చిట్టెలుకలు, పందికొక్కులు కావు. చుంచు అసలే కాదు, అది పురుగుల్ని తింటది” అంది. ఇంగ్లీష్ మీడియంలో నేను నేర్చుకున్నది ర్యాట్ అనే ఒక్క మాటే.

“తినేది వదిలేసి పోయిండ్రు” అని నాన్న ఏప్రిల్‌లో చివరగా తీసుకెళ్లిన కస్టమర్‌కి ఫోన్ చేశాడు. వాళ్లే జూలైకి మళ్లీ బుక్ చేసుకుని, ఐదు వేల డిపాజిట్ మా దగ్గరే ఉంచారు. ఆయన “మేం ఏమీ వదల్లేదండీ” అంటూనే ఉన్నాడు. రిపేరుకని నాన్న మూడు వేలు కట్ చేశాడు.

ఆ సాయంత్రం మంచం కింద పెట్టె తీస్తే చిరిగిన బాస్మతి పొట్లం, పల్లీ పొట్టు కనిపించాయి. పొట్లం మీద మా కాలేజీ ఎదురు షాపు స్టిక్కర్. వాళ్లకంటే వారం ముందు నేను, నా ఫ్రెండ్స్ వెళ్లినప్పటిది. “అంతా తుడిచినవా?” అని అప్పుడు నాన్న అడిగితే “ఆ” అన్నాను. పొట్లం మడిచి బ్యాగులో పెట్టుకున్నా.

మూడు రోజులు మాట్లాడకుండా పని చేశాను. ముందు ఎలుకల్ని తరిమే యాప్ డౌన్‌లోడ్ చేశా (నవ్వకండి, మన బ్రాంచ్ పరువు). ఫోన్ స్పీకర్‌కి ఆ ధ్వని సరిగా రానే రాదు. మందు పెడదామంటే నాన్న వద్దన్నాడు. రేకుల మధ్య దూరి చస్తే ఆ కంపు నెలరోజులు పోదు, పైగా చచ్చిన ఎలుకను గుడ్లగూబ తిన్నా దానికి ముప్పే. చివరికి బోను, అందులో ఉల్లిగడ్డ పకోడీ. బోనును మధ్యలో కాదు, గోడ వెంబడి పెట్టాలి, అవి గోడ పట్టుకునే నడుస్తాయి. ఏడు పడ్డాయి.

పెంటికలు పొడిగా ఊడవబోతే నానమ్మ చీపురు లాక్కుంది. దుమ్ము ఊపిరిలోకి పోతుందని బ్లీచింగ్ నీళ్లు చల్లి, నానాక మాస్కు, గ్లౌజులతో తుడిచాం. తర్వాత రంధ్రాలు వెతకడం. పెన్సిల్ పట్టే సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. వైర్లు పోయే చోట, సింక్ పైపు చుట్టూ, గేర్ రాడ్ కింద గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కాం. బట్ట కుక్కితే కొరికేస్తాయి. వాటి ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీయడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే.

మూడో రాత్రి నాన్న టార్చి పట్టుకుంటే నేను కింద పడుకుని పీచు కుక్కుతున్నా. “గా కస్టమర్ మళ్ల వస్తడో రాడో” అన్నాడు, నాతో కాదు, తనలో తాను. బయటికొచ్చి బ్యాగులోంచి పొట్లం తీసి ఇచ్చాను.

నాన్న స్టిక్కర్ చదివాడు. టార్చి ఆర్పాడు. తిడతాడనుకున్నా. ఫోన్ తీశాడు. “సార్, తప్పు మాదే. మీరేం వదల్లే. పైసలు ఇప్పుడే ఏస్తున్న” అన్నాడు. అవతల ఆయన ఏమన్నాడో వినపడలేదు. నాన్న మాత్రం రెండుసార్లు “మా పిలగాడే సార్” అన్నాడు.

ఫోన్ పెట్టేసి టార్చి నా చేతికిచ్చాడు. “డ్రైవర్ సీటు కింద చూసినవా?”

“ఆ” అనబోయి ఆగాను. “చూడలే.”

చూస్తే అక్కడ ఇంకో సందు ఉంది. పీచు అయిపోయింది. పొద్దున్నే శంకర్‌పల్లి వెళ్లి తెచ్చాను.