బయటే ఇప్పేసి రా

మా పల్నాటికి సముద్రం లేదు. ఓడ అంటే మాచర్ల వాళ్ళకి సాగర్‌లో నాగార్జునకొండకి పోయే లాంచీయే. యురేనియం మాత్రం ఉంది. మాచర్ల దగ్గర కొప్పునూరులో భూమి కింద ఉందని అణు ఖనిజాల శాఖ వాళ్ళు ఎప్పుడో డ్రిల్లింగులు వేసి తేల్చారు. కృష్ణకు అవతల లంబాపురం, పెద్దగట్టుల గొడవ పేపర్లు చదివే వాళ్ళందరికీ తెలుసు. అయినా రేడియేషన్ అన్న మాట మా ఇంట్లోకి భూమిలోంచి రాలేదు. సముద్రం మీద నుంచి వచ్చింది. మా తమ్ముడు తెచ్చాడు.

2011 మార్చి. వాడు ఒక బల్క్ క్యారియర్‌లో జూనియర్ ఇంజనీరు, రెండో కాంట్రాక్టు. 11న సునామీ. 12న ఒకసారి, 14న ఇంకోసారి ఫుకుషిమాలో రియాక్టర్ భవనాలు పేలడం టీవీలో తిప్పి తిప్పి చూపిస్తున్నారు. వీడి ఓడ వెళ్ళాల్సింది జపానుకే, కాకపోతే ఫుకుషిమాకి బాగా దక్షిణాన ఉన్న రేవుకి. దారిలో చైనా రేవులో సిమ్ కొని ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టా. అమ్మ ముందు అడిగింది అన్నం గురించి కాదు.

"మీరు తాగేది సముద్రం నీళ్ళేనంట గదరా?"

నిజమే. ఓడలో ఇంజన్ వేడితోనే, గాలి పీడనం తగ్గించి, సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్ళు చేసుకునే యంత్రం ఒకటి ఉంటుంది. సెలవులకొచ్చినప్పుడు వాడే గొప్పగా చెప్పాడు ఆమెకి. ఆమె దాన్ని మర్చిపోలేదు. కంపెనీ నుంచి అప్పటికే సర్క్యులర్ వచ్చిందంట: ముందే ట్యాంకులు నింపుకోండి, జపాన్ తీరం దగ్గర ఆ యంత్రం ఆపేయండి, బ్యాలస్టు నీళ్ళు కూడా అక్కడివి ఎక్కించుకోవద్దు. కేబిన్ల వైపు గాలి రంధ్రాలన్నీ మూసి, ఏసీని లోపలి గాలితోనే తిప్పుకోండి. డెక్కు మీదకి అవసరమైతేనే వెళ్ళాలి, వెళ్ళొస్తే బూట్లు, ఓవరాల్ తలుపు బయటే వదలాలి.

అమ్మ అంతా విని, "అంతేగా," అంది. "బట్టలు బయటే ఇప్పెయ్. ముందు తల కడుక్కో. చేతులు కడుక్కోకుండా ముద్ద ముట్టుకోమాక."

ఇది ఆమె ఏ సర్క్యులర్‌లోనూ చదవలేదు. మా నాన్న పత్తికి మోనోక్రోటోఫాస్ కొట్టి వచ్చిన రోజుల్లో మా ఇంటి చట్టం ఇదే. చొక్కా వాకిట్లో వేపచెట్టు మీదే ఉండాలి. తొట్టి దగ్గర స్నానం అయ్యేదాకా మా చెల్లి ఆయన దగ్గరకి పోకూడదు. రేడియోధార్మిక ధూళి మీద పడినవాళ్ళకి నిపుణులు చెప్పే మొదటి మాట కూడా ఇదేనని తర్వాత చదివా: పైబట్టలు విప్పేస్తే దాదాపు 90 శాతం పోతుంది. మిగతాది సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. చర్మం గీరుకుపోయేలా రుద్దకూడదు. జుట్టుకి కండిషనర్ వాడకూడదు, అది ధూళిని వెంట్రుకలకి అంటుకునేలా చేస్తుందట.

రేడియేషన్ వేరు, కంటామినేషన్ వేరు అని పుస్తకాలు పేజీలకు పేజీలు చెప్తాయి. మిరప కల్లంలో ఒక పూట పనిచేసిన వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎండ నీడలోకొస్తే వదుల్తుంది. కారం వదలదు, గోళ్ళ సందుల్లో ఇంటికొస్తుంది, రాత్రి కంట్లో పడుతుంది. ఓడలో మనుషుల్ని కాపాడ్డం అంటే చాలావరకు ఈ రెండోదాంతో యుద్ధం. ఒక్క తేడా ఉంది, కారం మండి చెప్తుంది. ఇది చెప్పదు.

ఈ యుద్ధం మొదట్లో ఎలా చేశారో చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1946 జులై 25న బికినీ దీవుల దగ్గర అమెరికా వాళ్ళు నీటి అడుగున బాంబు పేల్చారు. లేచిన నీళ్ళు లంగరేసి ఉంచిన యుద్ధనౌకల మీద పడ్డాయి. తర్వాత నావికుల్ని బ్రష్షులు, సబ్బు, కాస్టిక్ ఇచ్చి ఎక్కించి కడగమన్నారు. తుప్పులోకి, పెయింటులోకి, చెక్కలోకి దిగినది కడిగితే పోతుందా? పైగా వాళ్ళు పడుకునే ఓడలు కూడా ఆ మడుగులోనే. అడుగున పట్టిన నాచులోకి, మంచినీళ్ళు చేసే యంత్రాల్లోకి అది ఎక్కింది. మా అమ్మ అడిగిన ప్రశ్న అక్కడ ఎవరూ సమయానికి అడిగినట్టు లేదు. చివరికి రేడియేషన్ భద్రత చూసే స్టాఫర్డ్ వారెన్ అనే డాక్టరు, ఆ మడుగులో పట్టిన చేపని ఫిల్ము మీద పెడితే అదే తన ఎక్స్‌రే తీసుకున్న బొమ్మ ఒకటి అడ్మిరల్‌కి చూపించాడు. ఆగస్టు 10న కడగడం ఆపేశారు.

దాన్నుంచి నేర్చుకున్నదే ఇవాళ్టి యుద్ధనౌకల్లో ఉండే తుంపర పద్ధతి. ధూళి పడ్డాక కడగడం కాదు, పడకముందే ఓడంతా నీటి పొరతో తడిపి ఉంచడం, అంటుకోకుండా జారిపోయేలా. 1954లో బికినీ పరీక్షల్లోనే దూరం నుంచి నడిపే ఏర్పాటున్న రెండు లిబర్టీ ఓడల మీద దీన్ని పరీక్షించారు. ఒకదానికి తుంపర ఉంది, రెండోదానికి లేదు. అదే వరుసలో మొదటి బాంబు మార్చి 1న పేలినప్పుడు, ప్రకటించిన ప్రమాద హద్దుకి బయట చేపలు పడుతున్న మూడో ఓడ ఒకటుంది, ఏ పరీక్షలోనూ లెక్కలేనిది. దాని పేరు దైగో ఫుకుర్యూ మారు. అంటే అదృష్ట నాగం లాంటి అర్థం. 23 మంది మీద తెల్లటి బూడిద గంటల తరబడి కురిసింది. అదేంటో తెలీక, దాంతోనే రెండు వారాలు ప్రయాణం చేసి యైజు రేవుకి చేరారు. రేడియో ఆపరేటర్ కుబోయామా సెప్టెంబర్ 23న చనిపోయాడు. పరీక్షలు నిలిపేయమని నెహ్రూ లోక్‌సభలో అడిగింది ఆ ఏప్రిల్ 2నే.

మన విశాఖపట్నం పేరు పెట్టిన డిస్ట్రాయర్ 2021లో నౌకాదళంలో చేరింది. అందులో లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ ఉండేలా చూస్తారు. ఏ సందు ఉన్నా గాలి బయటికే పోవాలి, ధూళి లోపలికి రాకూడదు. గాలి వచ్చేది ఫిల్టర్ల గుండానే. పిడుగురాళ్ళ సున్నం బట్టీల పక్కన ఇల్లున్న వాళ్ళెవరైనా ఇలాంటిదొకటి దొరికితే బావుణ్ణనుకుంటారు.

సరుకు ఓడకి అంత లేదు. కేబిన్లు మూసుకోవచ్చు. ఇంజన్ రూము మూయలేరు. పెద్ద డీజిల్ ఇంజనుకి బోలెడు గాలి కావాలి, బ్లోయర్లు బయటి గాలిని ఆ గదిలోకే తోస్తాయి. కెప్టెన్ నుంచి వంటవాడి దాకా అందరూ లోపలి గాలి పీలుస్తుంటే, బయటి గాలి పీల్చేది ఇంజన్ రూము వాళ్ళే. ఈ సంగతి తమ్ముడు అమ్మ ఉన్నంతసేపూ చెప్పలేదు. ఆమె స్టవ్ కట్టెయ్యడానికి వెళ్ళగానే, "స్పీకర్ తియ్యి," అన్నాడు.

టర్బోచార్జర్ మూతికి ఒక ఫిల్టరు ఉంటుంది. ధూళి ఏదొచ్చినా ముందు అక్కడే పట్టుకుంటుంది. దాన్ని ఎవరు మార్చాలి? కింది వాళ్ళు. అంటే వీడూ, ఇంకో వైపర్ కుర్రాడూ. మాస్కులు ఉన్నాయి. అయోడిన్ మాత్రలూ ఉన్నాయి, కానీ అవి థైరాయిడ్ ఒక్కదాన్నే కాస్తాయి, అదీ అయోడిన్ నుంచే. సీజియం వాటి మాట వినదు. చేతిలో ఒక మీటరు పెట్టారంట గానీ, అది చూసి చదవడం ఓడలో ఎవరికీ నేర్పలేదంట.

"రానని చెప్పొచ్చుగా?" అన్నా.

"ఎనిమిది లక్షలు అప్పుందిగా, కోర్సుది," అన్నాడు, నాకు తెలీనట్టు.

మా ఊళ్ళో కూడా మందు కొట్టే స్ప్రేయర్ భుజాన వేసుకునేది పొలం ఆసామి కాదు ఎక్కువసార్లు. డబ్బా మీద గ్లౌజులు వేసుకోమని బొమ్మ ఉంటుంది. గ్లౌజులు డబ్బాతో రావు. నియమాలు సరైనవే, మా అమ్మవీ, కంపెనీవీ. అవి ఎవరి ఒంటి మీద అమలవుతాయన్నదే నాకు పట్టింది.

వాళ్ళ ఓడకి పెద్దగా ఏమీ కాలేదు. జపాన్ రేవులో మనుషులకి, డెక్కుకి కొలిచారు, మామూలే. అదే మార్చిలో మోల్ ప్రెజెన్స్ అనే కంటైనర్ ఓడని చైనాలోని సియామెన్‌లో రేడియేషన్ కనిపించిందని వెనక్కి పంపేశారు. ఆ వార్త ఓడలోకి చేరాక అందరికీ సొంత ఒంటికంటే తర్వాతి రేవు భయం పట్టుకుందని తమ్ముడు చెప్పాడు.

ఫిల్టర్లు మాత్రం రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి, ఒక డ్రమ్ములో పెట్టి, మీద ఇంగ్లీషులో రాశారు. తర్వాతి రేవులో తీసుకోమన్నారు. ఆ తర్వాత దాంట్లోనూ. ఆగస్టులో వాడు ఓడ దిగేటప్పటికి అది వెనక డెక్కు మీదే ఉంది, రెయిలింగ్‌కి తాడేసి కట్టి. అక్షరాలు ఎండకి సగం పోయాయంట.