కొజియాస్కో ప్రయాణానికి సన్నాహం

మా అమ్మగారు జనవరిలో వస్తున్నారు. కొజియాస్కో శిఖరం ఎక్కి తీరుతానంటున్నారు. ఎత్తు 2,228 మీటర్లే, హిమాలయాల పక్కన పిల్లకొండ. ఒకప్పుడు షార్లెట్ పాస్ మీదుగా కార్లు దాదాపు శిఖరం దాకా పోయేవి; కొండమీది పచ్చిక పాడవుతోందని 1970లలో ఆ దారి కార్లకు మూసేశారు. మంచి పనే, ఆవిడ మోకాళ్ళకు తప్ప.

ఇక థ్రెడ్బో చెయిర్‌లిఫ్టే గతి. అది దిగాక రానూపోనూ 13 కిలోమీటర్ల నడక, చాలావరకు ఇనుప జాలీ పరిచిన దారి. రెండు కిలోమీటర్లు వెళితే శిఖరం కనబడే చోటొకటి ఉంది. అక్కడ పులిహోర తిని వెనక్కి మళ్ళుదామన్నాం.

"తిరుమల మెట్లెక్కి, గోపురం చూసి దిగొస్తామా?" అన్నారు ఫోనులో.

ఏమనగలం? నడి వేసవిలోనూ అక్కడ మంచు పడవచ్చు కనుక స్వెట్టర్లు, రెయిన్‌కోట్లు సర్దుతున్నాం. పొద్దున్నే లిఫ్టు ఎక్కాలి. సాయంత్రం ఆఖరి లిఫ్టు తప్పితే థ్రెడ్బో దాకా కూడా నడకే.